ఇంటిల్లిపాదికీ టైఫాయిడ్

ఇంజనీరింగ్‌లో చదివిన ఇన్ఫర్మేషన్ థియరీ నాకు ఒక్కసారే పనికొచ్చింది. అదీ ఒక బంద్ రోజున, మా పాప జ్వరం విషయంలో.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. బంద్ అంటే మా గోపన్‌పల్లి వైపు ఆటో కూడా దొరికేది కాదు. మాదాపూర్‌లో ఆఫీసున్న మా ఆయన ఆ రోజు భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇంటి నుంచే పని చేస్తున్నాడు. మూడేళ్ళ పాపకు మూడో రోజు జ్వరం. పిల్లల డాక్టరు క్లినిక్ కూడా మాదాపూర్‌లోనే, మూసేశారు. డాక్టరమ్మ ఫోన్లో దొరికింది. నీళ్ళు తాగుతోందా, ఒంటికి వెళ్తోందా, పిలిస్తే పలుకుతోందా అని అడిగింది. మూడింటికీ ఔనన్నాను. "అయితే సిరప్ వేస్తూ ఉండండి, ఎల్లుండి తీసుకురండి. మత్తుగా పడి ఉంటే మాత్రం ఆగొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి" అంది.

ఎల్లుండి దాకా ఆగగలిగే తల్లిని కాను నేను. మా సందు చివర ఒక ల్యాబ్ షట్టర్ సగం దించుకుని నడుస్తోంది. పాపను ఎత్తుకుని వంగి లోపలికి దూరాను. రక్తం తీసి టైఫాయిడ్ పరీక్ష చేశారు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది, పాజిటివ్ అని. పక్క మందుల షాపు కాంపౌండరు ఆ సాయంత్రం నుంచే ఏడు రోజుల ఇంజెక్షన్లు మొదలుపెడతానన్నాడు. ల్యాబ్ ఆయన గోదావరి వైపు మనిషి. "కంగారు పడకండమ్మా. ఈ సీజన్లో ఎవరికి చేసినా ఇదే వస్తుందండి" అన్నాడు.

ఎవరికి చేసినా. మెట్లెక్కుతుంటే ఆ మాట దగ్గర ఆగిపోయాను.

ఒక సందేశం విలువ అది మన సందేహాన్ని ఎంత తగ్గించిందన్న దాన్లోనే ఉంటుందని మా లెక్చరర్ బోర్డు మీద సూత్రం రాసి చెప్పేవారు. బంద్ రోజున బస్సు రాలేదంటే అది వార్త కాదు, వచ్చిందంటే వార్త. జబ్బున్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకే జవాబిచ్చే పరీక్ష నాకు ఏం చెప్పినట్టు? కానీ ల్యాబ్ ఆయన మాట వరసకన్నాడో, నిజంగానే అన్నాడో. పాపకు ఏడు సూదులా, వద్దా అన్నది దాని మీదే ఉంది.

"జబ్బు లేనోళ్ళకి గూడా ఆ పరీక్ష చేయించి చూడాల" అన్నాను మా ఆయనతో.

"ఎవరికి?"

"నీకు."

ల్యాప్‌టాప్ మీంచి తలెత్తాడు. "నాకు మీటింగుంది."

"సూదంటే బయ్యమని చెప్పు."

"బయ్యమే. కడపలో ఉన్నప్పట్నుంచీ బయ్యమే. అయితే ఏమిప్పుడు?"

మా వాచ్‌మన్ భార్య అప్పుడే వంటింట్లో నీళ్ళ డబ్బా దించింది. పాలమూరు మనిషి. కరెంటు లేక లిఫ్ట్ ఆగిపోవడంతో పొద్దుట్నుంచీ డబ్బాలన్నీ మెట్ల మీంచే మోస్తోంది. "సార్‌కు భయమైతే ముందు నాకు తీయమను మేడం, ఎట్లుంటదో సూస్త" అని కొంగు దోపుకుంది. ఇక మా ఆయనకు తప్పలేదు.

ఒకరి తర్వాత ఒకరం వెళ్ళొచ్చాం. సాయంత్రానికి మూడు కాగితాలు వచ్చాయి. మూడంతస్తులు నీళ్ళు మోసిన మనిషికీ పాజిటివే, మధ్యాహ్నం రెండు సంగటి ముద్దలు లాగించిన మా ఆయనకూ పాజిటివే, నాకూ పాజిటివే.

"గట్లయితే రేపట్నుంచి నాకు సెలవియ్యి మేడం" అని నవ్విందామె. "గా కాయితాలు పక్కకు వెట్టు. జర ఇటు సూడు."

పాప పక్కనున్న ఎలుగుబంటి బొమ్మను తీసి చంకన పెట్టుకుంది. "గీ బొమ్మ మా బిడ్డకు తీస్కపోత" అంటూ గుమ్మం వైపు నడిచింది. పాప దుప్పటి తన్నేసి లేచింది. ఏడుస్తూ వెంటపడి ఆమె కొంగు పట్టుకుని లాగింది.

"సూసినవా, ఎంత లొల్లి వెడ్తుందో. ఫికర్ లేదు."

"లొల్లి పెట్టకుండా ఇచ్చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను. నాకు కావలసింది అదే.

ఆమె నవ్వడం ఆపేసింది. "మా చిన్నది ఇచ్చింది. చేతుల గాజులు తీస్కున్నా సప్పుడు చెయ్యలే. అప్పటికప్పుడు ఎత్తుకోని దవాఖానకు ఉరికిన. నాలుగు దినాలు ఆడనే ఉన్నం."

ఆమె పరీక్ష ఔననీ చెబుతుంది, కాదనీ చెబుతుంది. డాక్టరమ్మ పొద్దున అడిగిన మూడు ప్రశ్నలూ అలాంటివేనని నాకప్పుడు తట్టింది.

"ల్యాబోణ్ణి తప్పు పడతాండావు గానీ, నువ్వు మాత్రం?" అన్నాడు మా ఆయన, మోచేతి మడతలో దూది ఇంకా వదలకుండా. "మూడేండ్లుగా ఎప్పుడు ఫోన్ చేసినా పాపకు ఏదో అవుతాందనే కదా చెప్పేది. అందుకే నేను పని చేసుకుంటా ఊఁ కొడతాంటా."

కోపం వచ్చింది. లెక్క ప్రకారం మాత్రం ఆయన అన్నది నిజమే.

పాలు ఎక్కడైనా దొరుకుతాయేమో చూసి, దారిలో కాంపౌండరుకు సంగతి చెప్పి వస్తానని కిందికి దిగాడు. ఏం చెప్పాలో ఫోన్ చేస్తానన్నాను. థర్మామీటర్ పెడితే నూటొకటి చూపించింది. నీళ్ళిస్తే పాప గ్లాసు ఖాళీ చేసింది. బొమ్మను నేను ముట్టుకుంటే నా చెయ్యి తోసేసింది. ఫోన్ చేశాను.

"ఇంజెక్షన్లు వద్దని చెప్పు. ఎల్లుండి డాక్టరమ్మకే చూపిద్దాం. పాప బాగానే ఉంది."

అవతల ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి మెట్ల మీద పరుగు వినిపించింది. తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో పాలు లేవు.

"ఏమైంది?"

"బాగానే ఉందన్నా కదా."

"అదే. నువ్వట్లా ఎప్పుడన్నావు?"

పాప నుదురు తడిమాడు. పాప విసుక్కుంది. తర్వాత నా నుదురు తడిమి, బల్ల మీది థర్మామీటర్ కడిగి, దులిపి నా నోట్లో పెట్టాడు.

ఇంజెక్షన్లు వేయించలేదు. ఎల్లుండికి జ్వరం దానంతటదే దిగింది. డాక్టరమ్మ పాపను చూసి, నేనిచ్చిన నాలుగు కాగితాలూ బల్ల మీద పరిచి, "వీటిలో పాపది ఏది?" అని అడిగింది. పైనున్న పేరు చదివితే గానీ నేనూ చెప్పలేకపోయాను.