మునెమ్మవ్వ అడిగిన మాట

దయ్యాల కథలు చెప్పేవాళ్లను నేను ముఖం మీదే కసురుకునేవాణ్ణి. బడికి పోలేదు. శనక్కాయల పొట్లాలు విప్పి చదివి చదువు నేర్చుకున్నాను. కళ్లతో చూడనిది నమ్మే అలవాటు లేదు. ఇది మాత్రం కళ్లారా చూశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పలమనేరు దగ్గర మా ఊరి కొండను గ్రానైట్ క్వారీకి ఇచ్చే ముందు ఊరివాళ్ల అభిప్రాయం అడగాలని ఒక అధికారి వచ్చాడు. బడి ముందర షామియానా వేసి, అందరికీ మజ్జిగ పోశారు. ఎవరేం చెప్పారో రాసే పని నాకిచ్చారు. ఎంత పొంగిపోయానో!

కొండ కింద ఎకరా టమోటా పెట్టుకున్న మునెమ్మవ్వ లేచింది.

"కొండ పగలగొడితే నా బాయిలో నీళ్లుంటాయా, పోతాయా? ఆ మాట చెప్పి పొండి సార్."

"కొండ కడుపులో నీళ్లు దాచిపెట్టుకోనుండావా అవ్వా?" అన్నాడు క్వారీ మనిషి. జనం నవ్వారు.

"నవ్వండప్పా. రేపు బిందెలెత్తుకోని యాడికి పోతారో సూస్తా."

అధికారి నా వైపు వంగి, అది రాయక్కర్లేదన్నాడు. నేను రాయలేదు. తొమ్మిది మంది మాటలు నంబర్లు వేసి రాసి, సంతకం పెట్టి ఇచ్చేశాను.

"నా మాట రాసినావా నాయనా?" అని అవ్వ పోతూ అడిగింది.

"రాసినానవ్వా," అన్నాను.

రెండేళ్లకు ఆమె బావి ఎండింది. ఆ ఏడే ఆమె పోయింది. తర్వాత మిగతా బావులూ ఎండడంతో, అర్జీ పెట్టడానికి నేనూ మరో ఇద్దరూ చిత్తూరు ఆఫీసుకు పోయాం. గుమస్తా ఆనాటి సభ అసలు ఫైలే చూపించాడు.

నేను రాసిచ్చిన కాగితంలో పది నంబర్లున్నాయి. ఐదోది మునెమ్మవ్వది, ఆమె అడిగింది అడిగినట్టు. కొట్టివేత లేదు, వరుసల మధ్య ఇరికించిందీ లేదు. నా సిరా, నా రాత, కింద నా సంతకం.

"ఈ రాత నీదేనా పెద్దాయనా?" అన్నాడు గుమస్తా.

నాదేనన్నాను. తర్వాతి కాగితంలో, అభ్యంతరాలు ఏమీ రాలేదు కాబట్టి క్వారీకి అనుమతి ఇవ్వవచ్చని టైపు చేసి ఉంది. ముందు కాగితం చదవను కూడా చదవలేదు, దుర్మార్గులు!

అవ్వ మాట రాసిన మొగోడివి నువ్వొక్కడివేనని ఊళ్లో ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటారు.

నేను రాయలేదు. ఎవరు రాశారో ఈ రోజుకీ చెప్పలేను. రాయలేదన్న సంగతి ఒప్పుకోవడం మాత్రం ఇదే మొదలు.