పదమూడో టెన్స్

టెన్స్ తేల్చుకోనిదే బోర్డుల బావ కుంచె ముంచడు. వీధిలో అందరికీ ఆయన బావే, ఎవరికీ ఏ వరసా లేదు. షాపులకు ఇంగ్లీషు బోర్డులు రాయడం ఆయన వృత్తి. అందులో ఏ క్రియ ఏ కాలంలో ఉండాలన్నది ఆయన జబ్బు.

ఆ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదని, పక్కగదిలో ముప్ఫై ఏళ్లుగా కత్తెర ఆడిస్తున్న సెలూన్ పెద్దాయనకు తెలుసు. పదో తరగతి ఇంగ్లీషు మూడుసార్లు తప్పి, ఆ భాషకో దండం పెట్టి కుంచె పట్టినవాడు బావ. ఒకసారి ఏదో ట్యూషన్ సెంటర్ వాళ్లు తమ గోడ మీద పన్నెండు టెన్సుల పట్టిక రాయమన్నారు. ఎనిమిది రోజులు నిచ్చెన మీద నిలబడి, గడికో రంగు చొప్పున రాశాడు. ఎక్కినప్పుడు పెయింటరు. దిగేసరికి వ్యాకరణవేత్త.

ఆనాటినుంచి వీధికి సుఖం లేదు. వాచీలు బాగుచేసే ఆయన "వుయ్ ఆర్ రిపేరింగ్ వాచెస్" అని రాయమన్నాడు.

"ఇప్పుడు చేస్తున్నావా?"

"ఇప్పుడు నీతో మాట్లాడుతున్నాగా."

"మరి 'ఆర్ రిపేరింగ్' అంటే అబద్ధం కాదూ? 'వుయ్ రిపేర్' అని రాస్తా. రోజూ అలవాటుగా చేసేదానికి సింపుల్ ప్రెజెంట్."

"చిన్న బోర్డయ్యా బావా."

"అబద్ధం చిన్నదీ పెద్దదీ ఉండదు."

మూల ఇంటి కుక్క చచ్చిపోయిన నెలకి, గేటు మీద 'కుక్క ఉంది' బోర్డు వెలిసిపోయిందని ఇంటావిడ కబురు పెట్టింది. బావ విషయం విచారించి, రెండు నిమిషాల్లో "దేర్ వాజ్ ఎ డాగ్" అని రాసి చేతులు తుడుచుకున్నాడు.

"దొంగలు చదువుతారయ్యా," అని ఆవిడ మొత్తుకుంది.

"అందుకేనమ్మా. తప్పు రాస్తే వాళ్ల ముందు మన పరువేం కాను?"

ఆయన్ని ఓడించింది ఒక్క భార్యే. ఒక మధ్యాహ్నం ఆకలితో వచ్చి, "వంట అయిందా?" అన్నాడు.

"అయిపోయినట్టే."

బావ చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాడు. అవలేదు కాబట్టి పాస్ట్ కాదు. అయిపోయిందంటోంది కాబట్టి ఫ్యూచర్ కాదు. పన్నెండు గడులూ గాలించాడు.

"ఇది ఏ టెన్సే?"

"నా టెన్స్. పదమూడోది వేసుకుని లోపలికి రండి."

ఇలా ఉండగా సెలూన్ పెద్దాయన తడినేల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆరు వారాల సిమెంటు కట్టు. సరిగ్గా అదే వారం ఎదురుగా, తిరిగే కుర్చీలతో, నిలువుటద్దాలతో కొత్త సెలూన్ తయారవుతోంది. ఒకసారి గడప మారిన తల మళ్లీ వెనక్కి రాదని ఆయన అనుభవం.

"'క్లోజ్డ్' అని ఒక అట్ట రాసిపెట్టు బావా," అన్నాడు నీరసంగా.

"అది రాయను. గో, వెంట్, గాన్. మూడో రూపం పట్టిన క్రియ బతికి బట్టకట్టగా నేను చూడలేదు."

"విరిగింది నా చెయ్యి. నీ క్రియ కాదు."

"విరిగింది అంటే పాస్ట్. ఇప్పుడేం జరుగుతోంది?"

"మండుతోంది."

"చెయ్యా?"

"కడుపు."

బావ రోజంతా ఆలోచించి, సాయంత్రానికి తలుపుకి బోర్డు తగిలించాడు: "ది హ్యాండ్ ఈజ్ హీలింగ్." చెయ్యి మానుతోందట. "చివర 'ఇంగ్' ఉన్నంతకాలం కథ నడుస్తున్నట్టు లెక్క," అన్నాడు. మర్నాడు ఆ బోర్డు చదివి, ఇక్కడి చెయ్యి రోగాలు నయం చేస్తుందనుకుని, నడుంనొప్పికి మందిస్తారా అంటూ ఇద్దరు వచ్చారు. పెద్దాయన ఆ మర్యాద తట్టుకోలేక చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడు.

"కాస్త తినన్నయ్యా," అని చెల్లెలు పోరు పెట్టేది.

"అక్కడ నా తలలన్నీ పోతున్నాయే," అనేవాడు.

ఆరు వారాలకి కట్టు విప్పించుకుని, ఎదుటివాడి వైభవం చూడటానికి గుండె దిటవు చేసుకుని వీధిలోకి వచ్చాడు. కొత్త సెలూన్ షట్టరు మూసే ఉంది. పైన తళతళలాడే బోర్డు మీద బంగారు రంగులో రెండే మాటలు: "వుయ్ విల్." ఆ తర్వాత మూడు గజాల ఖాళీ. కింద మెట్టు మీద కొత్త యజమాని చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు.

"ఇంకా తెరవలేదేమండీ?"

"బోర్డు లేనిదే తెరవనని నేనే పంతం పట్టానండీ. ఆయనేమో 'విల్ ఓపెన్' అనాలో, 'విల్ బి ఓపెనింగ్' అనాలో, 'విల్ హావ్ ఓపెన్డ్' అనాలో తేలట్లేదంటాడు. రోజూ వస్తాడు, నిచ్చెన ఎక్కుతాడు, ఆలోచిస్తాడు, దిగుతాడు. సగం రాసిన బోర్డు మీద ఇంకో పెయింటరు చెయ్యి పెట్టడట."

పెద్దాయనకి మూల ఇంటి గేటు గుర్తొచ్చింది. చచ్చిన కుక్కకి రెండు నిమిషాల్లో టెన్స్ తేల్చినవాడికి, బతికున్న సెలూన్‌కి ఆరు వారాలా?

వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే చెవులు మూసేసిన జుట్టు, ముఖాన్ని కమ్మేసిన గడ్డం, చేతిలో కుంచె.

"ఎవరండీ తమరు?"

"నేనే, బావని."

"ఇదేం అవతారం?"

"ఐ హావ్ బీన్ వెయిటింగ్. ఎప్పుడో మొదలై, ఇంకా సాగుతున్నదానికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్. మంచి ఉదాహరణ దొరక్క ఇన్నాళ్లూ ఇబ్బంది పడ్డాను. నువ్వు జారిపడి ఉపకారం చేశావు."

"మరి ఆ 'విల్' సంగతేమిటి?"

"అది వ్యాకరణ సమస్య," అన్నాడు బావ గంభీరంగా, కుంచె వెంట్రుకలు లెక్కపెడుతున్నట్టు కిందికి చూస్తూ.

పెద్దాయన మెట్టు మీదున్నాయన వైపు చూశాడు. "తేల్చెయ్ బావా. పాపం, ఆయనకీ కత్తెరే ఆధారం."

"తేలుస్తా. రెండు పనుల్లో ముందు జరగాల్సింది ముందు జరగాలి. ముందు నా తల."

బావ కుర్చీ ఎక్కాడు. కొత్త యజమాని వెంటే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు, ఈయన్ని మళ్లీ వదిలితే దొరకడని. కత్తెర నెమ్మదిగా, కొంచెం వణుకుతూ ఆడింది. గంట గడిచింది. ఎడమవైపు పొట్టిగా, కుడివైపు ఇంకా పొదలా ఉంది.

"అయిందా అండీ?" అన్నాడు కొత్త యజమాని.

పెద్దాయన ఆ పొదని పరీక్షగా చూశాడు.

"అయిపోయినట్టే."

అద్దంలో బావ ముఖం విప్పారింది. "పదమూడోది," అంటూ ఆనందంగా తల ఊపాడు.

దాంతో కుడివైపు కూడా అయిపోయింది.