అర్థం తెలియని మాట

అమెరికాలో ఎమ్మెస్ చదివే రోజుల్లో సవానా నుంచి అట్లాంటా వెళ్ళే బస్సులో అమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. ఫోన్ పెట్టేయగానే పక్కసీట్లోని నల్లజాతి ముసలావిడ అడిగింది.

"ఏ భాష తల్లీ అది?"

"తెలుగండీ. మా దేశంలో చాలా భాషలున్నాయి."

"మావాళ్ళకీ ఉండేవి. ఒకరి మాట ఒకరికి తెలియని వాళ్ళని ఆఫ్రికా నుంచి ఒకే ఓడలో బంధించి తెచ్చి, ఇక్కడ బానిసలుగా అమ్మేశారు. మా నాయనమ్మ నన్ను నిద్రపుచ్చుతూ ఒక మాట అనేది. వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట. అర్థం ఆమెకీ తెలియదు. నైజీరియా వాళ్ళని, సెనెగల్ వాళ్ళని అడిగాను. మాది కాదన్నారు."

ఆ మాట నాతో మెల్లగా అని, నా ముఖంలోకి ఆశగా చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"నీకెలా తెలుస్తుందిలే," అని కిటికీ వైపు తిరిగింది.

ఆఫ్రికా వాళ్ళెవరు పరిచయమైనా ఇప్పటికీ ఆ మాట చెప్పి, మీ భాషదేనా అని అడుగుతాను. మా భాషదే అని ఇంకా ఎవరూ అనలేదు.