వంకాయ రంగు, వంగపువ్వు రంగు

1999 మే నెల. గుంటూరులో ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌లో నేను కెమిస్టుగా చేరి రెండేళ్లయింది. బట్టలకు వాడే కొన్ని ఎజో రంగులు విరిగితే ఎరోమాటిక్ అమీన్లు పుడతాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ తెస్తాయి. అందుకని ఎగుమతి వ్యాపారులు అద్దకంవాళ్లను మా రిపోర్టు తెమ్మనేవారు.

పరీక్ష చెప్పడానికి తేలికే. రంగును విరగ్గొట్టి, వచ్చిన అమీన్‌ను మంచులో ఉంచి నైట్రైటుతో కలపాలి. దీన్ని డయాజోటైజేషన్ అంటాం. ఆపైన మరో రసాయనం చేరిస్తే ఊదారంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే అమీన్ అంత ఎక్కువ. ఆ ముదురును కలరీమీటర్ అంకెల్లో చూపిస్తుంది. పక్కనే, అమీన్ ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ ట్యూబొకటి పెడతాం.

మంగళగిరిలో చీరల నూలుకు అద్దకం వేసే వీరాంజనేయులు గారు అంతకు ముందు వారం నల్లరంగు తెచ్చి పాస్ చేయించుకు వెళ్లారు. ఈసారి ఎరుపు తెచ్చారు. చెన్నై వ్యాపారి పెద్ద ఆర్డరు ఆ ఎరుపు మీదే ఆగి ఉంది. పోయినసారిలాగే ఆయన బెంచీ పక్కనే నిలబడి చూస్తానన్నారు. నాకూ చూపించుకోవాలనే ఉంది. యూనివర్సిటీ మెడల్ తాలూకు గర్వం అప్పటికింకా దిగలేదు.

రీడింగు తీసి, ఏ అంకెకు ఎంత అమీనో చెప్పే గోడమీది పాత గ్రాఫులో చూశాను. హద్దుకు లోపలే ఉంది.

"పాసయింది బాబాయ్ గారూ."

ఆయన కదల్లేదు. వంగి స్టాండర్డ్ ట్యూబ్‌ను చూస్తున్నారు.

"ఏమ్మా, ఈ గొట్టంలోది పోయినవారం పోసిన మందేనా?"

"అదేనండి. కొలత కూడా అదే. ఎప్పుడూ ఒకేలా వస్తుంది."

"రాలేదమ్మా. అప్పుడు వంకాయ రంగొచ్చింది, ఇవాళ వంగపువ్వు రంగే వచ్చింది. ఇది లేతబడితే నాదీ లేతబడే ఉంటది గదా?"

అప్పుడు ట్రే వైపు చూశాను. పొద్దుటి నుంచి కరెంటు లేదు, కలరీమీటర్ ఒక్కటే బ్యాటరీ మీద నడుస్తోంది. ట్రేలో మంచు ఎప్పుడో నీళ్లయిపోయింది. మంచులో తయారయ్యే ఆ పదార్థం వేడికి నిలవదు, రెండు ట్యూబుల్లోనూ సగం పాడైపోయింది. స్టాండర్డ్‌ను తయారుచేసింది నేనే, దానివైపు చూడనిదీ నేనే. సిగ్గేసింది.

"మళ్లీ చేస్తే ఫెయిలవ్వచ్చు బాబాయ్ గారూ," అన్నాను. వద్దంటారేమోనని లోపల చిన్న ఆశ కూడా ఉంది.

"అవనీమ్మా. ఆ అద్దకం తొట్టిలో మోచేతుల దాకా ముంచేది మా ఆవిడ. చెన్నై ఆయనకు కాయితం చాలు. నాకు చాలదు."

సోడా కొట్టు నుంచి మంచుగడ్డ తెప్పించి మళ్లీ మొదలుపెట్టాను. స్టాండర్డ్ వంకాయ రంగుకొచ్చింది. ఆయన ఎరుపు పోసిన ట్యూబు కూడా ముదిరి, హద్దు దాటింది. ఫెయిల్.

"ఆ డబ్బా ఇంక తొట్టి దగ్గరికి రాదమ్మా," అని రిపోర్టు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ ఆర్డరు వేరేవాళ్లకు పోయిందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత పెద్ద మిషన్ల మీద పనిచేశాను. కొత్తగా చేరినవాళ్లకు ముందు స్టాండర్డ్‌ను కళ్లతో చూసి, ఆ తర్వాతే అంకె చూడమని చెబుతాను. అది అందరూ నేర్చుకుంటారు. తనకు అనుకూలంగా వచ్చిన ఫలితాన్ని మళ్లీ చేయమని అడగడం ఎలా నేర్పాలో మాత్రం నాకు తెలియదు. ఇన్నేళ్లలో అలా అడిగింది ఆయనొక్కరే.