నూతిలో నల్ల సున్నం

బారువ సముద్రం ఒడ్డున, ఒక కొబ్బరితోటలో మేము కట్టిన నుయ్యి రెండు వానాకాలాలకే కూలింది. పూడిక తీయడానికి దిగిన నా బావమరిది దాని కింద ఉండిపోయాడు. శవం దొరికేసరికి పొద్దు వాలింది. ఇటుకల మధ్య సున్నాన్ని గోటితో గీస్తే తడిపిండిలా రాలింది. ఉప్పునీరు తినేసింది. ఆ సున్నం పెట్టినవి నా చేతులే.

మరుసటి ఏడు ఆ కొబ్బరితోట రైతు కొత్త నుయ్యి కట్టమని మా మామ దగ్గరికొచ్చాడు. మామ తాపీ మేస్త్రీ. నాకు పని నేర్పినవాడు, పోయినవాడికి తండ్రి. ఒప్పుకోడనుకున్నాను. ఆయన పలాసకు బండి కట్టించుకుపోయి, రైలింజన్లలో బొగ్గు కాలాక పారబోసే చిట్టెం బండెడు తెచ్చాడు.

"ఇదేటి మావా?" అన్నాను.

"దంచి, జల్లించి, సున్నంతో గానుగ ఆడితే నీటిలో కూడా గట్టిపడతాదట. టెక్కలి కాడ వంతెన కట్టినోలు సెప్పారు. దీన్ని ఉప్పు తినదేమో, సూద్దాం."

"ఏమో అంటే ఎలాగ? రేపు అందులోకి మనిసి దిగాల."

ఆయన చిట్టెం దంచడం మొదలుపెట్టాడు.

చిట్టెం కలిసిన నల్ల సున్నంతో కట్టిన నుయ్యి చూసి ఊళ్లోవాళ్లు ఆ నీళ్లు తాగబోమన్నారు. తర్వాత తాగారు. నేను మాత్రం అటు వెళ్లడం మానేశాను.

మూడో ఏట తుపానుకు సముద్రం తోటలోకొచ్చింది. నీళ్లు తోడేస్తే నూతి అడుగున ఇసుక మేట కనిపించింది. మామ నడుముకు మోకు కట్టుకుంటున్నాడు. ముడి పడటం లేదు.

"ఇటివ్వు మావా, నాను దిగుతాను."

మోకు కొస నా భార్య పట్టుకుంది. పాత నూతిలో పోయినవాడు ఆమె తమ్ముడు. "బేగి వచ్చీ" అని మాత్రం అంది.

సగం దిగాక తల మీద ఏదో రాలింది. కళ్లు మూసుకుని గోడకు అతుక్కుపోయాను. ఎంతసేపటికీ మరేమీ పడలేదు. తడిమి చూస్తే గోడకంటిన నాచు, ఇసుక. తాపీ మొన సున్నంలోకి గుచ్చాను, దిగలేదు. బలమంతా పెట్టాను. మొన వంగింది.

"ఎలాగుంది?" పైనుంచి మామ.

"రాయిలాగుంది."

మామ ఏడుపు వినిపించింది. కొడుకు పోయిన రోజు కూడా ఆయన ఏడవలేదు.

ఇసుకంతా తోడి పైకొచ్చాను. తర్వాత ఆ తీరాన నల్ల సున్నంతో ఎన్నో నూతులు కట్టాం, ఒక్కటీ కూలలేదు. అయినా దిగిన ప్రతిసారీ ముందు తాపీ మొన సున్నంలో గుచ్చి చూసుకునేవాణ్ణి. ఆ సంగతి ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.