ఇంగ్లీషులో పిలిస్తే కదలని బండి

సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని కాలంలో, రాజమండ్రిలో ఓ డెబ్భై పడకల ఆసుపత్రిని డాక్టర్లు నడిపేవారని ఊరంతా అనుకునేది. నేను నడిపేదాన్నని నేననుకునేదాన్ని. ఎందుకంటే మైకు నా దగ్గరుండేది. డిగ్రీ అయిన ఏడాదే రిసెప్షన్లో ఉద్యోగం, ఇరవై రెండేళ్ళ వయసు, దానికి తగ్గ పొగరు. మా చర్చిలో ప్రతి ఆదివారం వాక్యం చదివేది నేనే కాబట్టి (పాస్టరుగారి కంటే నా గొంతే బాగుంటుందని మా అమ్మ అభిప్రాయం, పాస్టరుగారి అభిప్రాయం ఎవరూ అడగలేదు) మైకంటే నాకు బెరుకు లేదు. "సర్జన్ గారు ఎక్కడున్నా వెంటనే ఓపీకి రావలెను" అని నేను పలికితే, కాళ్ళు విరిగి పడుకున్నవాళ్ళు కూడా లేవబోయేవారు.

అలా సాగుతుండగా పెద్ద డాక్టరుగారి అల్లుడుగారు మద్రాసులో ఓ పెద్ద ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చారు. వస్తూ వస్తూ రంగులు పట్టుకొచ్చారు. ఎవరికైనా గుండె ఆగితే 'కోడ్ బ్లూ' అనాలి. నిప్పంటుకుంటే 'కోడ్ రెడ్'. పసిపిల్ల కనబడకపోతే 'కోడ్ పింక్'. పేషెంట్ల తాలూకు జనం కంగారుపడి వార్డుల మీదికి ఎగబడకుండా, విషయం మనవాళ్ళకి మాత్రమే తెలియాలని ఆయన ఉద్దేశం. డాక్టర్లకీ సిస్టర్లకీ, మైకు నాది కాబట్టి నాకూ క్లాసు చెప్పి, పరీక్ష కూడా పెట్టారు. నాకే ఫస్టు మార్కు. ఆ ఊపులో స్కెచ్ పెన్నులతో ఓ చార్టు రాసి నా బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నాను. ఆక్సిజన్ సిలిండరూ గుండెకి షాకిచ్చే మిషనూ పెట్టిన బండిని తోసే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, అందరూ బండి మావయ్య అనేవాళ్ళం. ఆయన ఓసారి ఆ చార్టులోకి తొంగిచూసి, "ఏంటండీ అమ్మాయిగారూ, రంగురంగులుగా రాశారు?" అని అడిగాడు. "అవి డాక్టర్ల విషయాలు మావయ్యా, నీకెందుకు?" అన్నాను. ఎంత బాగా అన్నానో అప్పట్లో.

ఓ రోజు పొద్దున్న పదకొండు గంటలప్పుడు ద్రాక్షారామం వైపు నుంచి వచ్చిన ఒకావిడ నా బల్ల దగ్గరికొచ్చింది. వాళ్ళాయన గుండెనొప్పితో చేరి ఎనిమిది రోజులయింది. రెండో అంతస్తు, పన్నెండో గది. మర్నాడు డిశ్చార్జి. ఆ సంతోషంలో అరటిపళ్ళ అత్తం తెచ్చి అద్దం మీద పెట్టింది.

"మా పెరట్లో చక్రకేళీలమ్మా. ఎనిమిది రోజుల్నించీ నీ గొంతు వింటంటే మా ఇంట్లో పిల్లవే అనిపిస్తంది."

నేను మొహమాటపడుతూ (పళ్ళ వైపు చూస్తూనే) ఏదో అనబోతుంటే ఫోను మోగింది. పై నుంచి సిస్టరు. "పన్నెండో గది! గుండె ఆగింది! బ్లూ చెప్పు!"

ఆ గుండె తాలూకు ఇల్లాలు నాకు మూరెడు దూరంలో నిలబడి, మాగిన పళ్ళు ఏరి ఇటు పక్కన పెడుతోంది. నేను మైకు తీసుకున్నాను. "కోడ్ బ్లూ. సెకండ్ ఫ్లోర్. రూమ్ నంబర్ ట్వెల్వ్." సిగ్గు విడిచి చెప్పాలంటే, చాలా బాగా పలికానని కూడా అనిపించింది.

"ట్వెల్వంటే పన్నెండే కదమ్మా? మా గదే కదా?" అందావిడ.

"ఏం లేదండి పిన్నిగారూ, మామూలే" అన్నాను. రంగుల కింద అన్నీ దాచాం గానీ గది నంబరు దాచడం ఎవరికీ తోచలేదు.

డ్యూటీ డాక్టరుగారు రెండేసి మెట్లెక్కుతూ పరిగెత్తారు. బండి మాత్రం లిఫ్టు పక్కన పెట్టినచోటే ఉంది. దానికి చేరగిలబడి బండి మావయ్య, లిఫ్టు నడిపే అతనితో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతుందో మాట్లాడుకుంటున్నాడు. ఫోను మళ్ళీ మోగింది. "బండేదే?" అని సిస్టరు అరుపు. నేను మళ్ళీ మైకందుకుని, ఈసారి ఇంకా స్పష్టమైన ఇంగ్లీషులో, చివర 'ఇమీడియట్లీ' అని కూడా చేర్చి చెప్పాను. బండి మావయ్య నా వైపు చూశాడు. నా మాటలకి అడ్డు రాకూడదని గొంతు తగ్గించి, గుసగుసగా కబుర్లు సాగించాడు. మా గోదావరి మర్యాద అది.

అప్పుడు ఆవిడ బల్ల మీదుగా నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నిజం చెప్పు. ఆయనకేమైంది?"

నా క్లాసూ, ఫస్టు మార్కూ అన్నీ ఎగిరిపోయాయి. లేచి నిలబడి, మా ఇంట్లో గేదె తాడు తెంపుకున్నప్పుడు మా నానమ్మ అరిచినట్టు అరిచాను. "బండి మావయ్యా! కబుర్లాపి బండి తియ్యి! రెండో అంతస్తు, పన్నెండో గది! పెద్దాయన గుండె ఆగింది! లిఫ్టు ఖాళీ చెయ్యండి! మెట్ల మీద ఎవరూ నిలబడకండి!"

మూడంతస్తులూ విన్నాయి. కంగారుపడి ఎగబడతారని అల్లుడుగారు భయపడిన ఆ జనమే క్యారియర్లూ సంచులూ లాక్కుని గోడలకి అతుక్కుపోయారు. లిఫ్టులోంచి అందరూ బయటికి దూకారు. ఎవరివాళ్ళో తెలియని ఇద్దరు రైతులు బండికి చెరోపక్కా చెయ్యి వేశారు. బండి మావయ్య అంత వేగంగా కదలగలడని ఆ రోజే తెలిసింది. ఆవిడ ఖాళీ అయిన మెట్ల మీదుగా కొంగు బిగించుకుని పైకి వెళ్ళిపోయింది. నేను అరటిపళ్ళ ముందు కూర్చుని, నేను వాడిన ఇంగ్లీషుకి ఎంతసేపు పోయిందో తలుచుకుంటూ ప్రార్థన చేసుకున్నాను. ఆదివారం మైకులో చదివినంత బాగా రాలేదది. "దేవా, దేవా" తప్ప ఇంకో మాట తోచలేదు. చాలాసేపటికి ఫోను మోగింది. "కొట్టుకుంటోంది" అంది సిస్టరు. నేను అద్దం మీద తలపెట్టి ఏడ్చేశాను.

సాయంత్రం పెద్ద డాక్టరుగారి గదిలో విచారణ. "ఇది ఆసుపత్రా, సంతా?" అని అల్లుడుగారు నా మీద లేచారు. పెద్ద డాక్టరుగారు మాత్రం బండి మావయ్యని అడిగారు, రెండుసార్లు పిలిచినా ఎందుకు కదల్లేదని.

"ఆయ్, వినబడిందండి. ఇంగ్లీషులో చెప్తన్నారంటే పెద్దోళ్ళూ పెద్దోళ్ళూ ఏదో మాట్లాడుకుంటన్నారనుకున్నానండి. మధ్యలో మనం వినకూడదు కదండి. ఆ రంగుల కాగితం గురించి ఓసారి అడిగితే నీకెందుకన్నారండి, అమ్మాయిగారు."

అందరూ నా వైపు చూశారు. "అన్నానండి" అన్నాను. గుమ్మం దగ్గర నిలబడ్డ పన్నెండో గది ఆవిడ నెమ్మదిగా లోపలికొచ్చింది.

"ఆ పిల్లనేమీ అనకండి బాబూ. మొదట రెండుసార్లు విన్నప్పుడు ఏదో దాస్తున్నారని తెలుస్తంది, ఏంటో తెలీట్లేదు. నాకప్పుడే ప్రాణం పోయిందండి. తెలుగులో చెప్పాకే కాళ్ళాడాయి."

అల్లుడుగారు నా వైపు తిరిగి (మంచి మనిషే, ఊరికే మద్రాసు వెళ్ళొచ్చారంతే) "అయితే తెలుగులోనే రాయమ్మా. ఏం జరిగింది, ఎక్కడ, ఎవరు రావాలి. అంతే" అన్నారు. రాత్రంతా కూర్చుని రాసి పట్టుకెళ్ళాను. 'గౌరవనీయులైన బండి మావయ్యగారు దయచేసి' అని మొదలైంది నా మొదటి వాక్యం. "నువ్వు గౌరవించేలోపు పేషెంటు వెళ్ళిపోతాడమ్మా" అని పెద్ద డాక్టరుగారు 'గౌరవనీయులైన'నీ, 'దయచేసి'నీ, ఆ 'గారు'నీ కొట్టేశారు. ఆ కాగితం బండి మావయ్యకి, ఆయాలకి, లిఫ్టు మనిషికి నేనే చదివి వినిపించాను, ఒకటికి రెండుసార్లు.

ఆ పెద్దాయన మరో పది రోజులుండి డిశ్చార్జి అయ్యాడు. వెళ్తూ వెళ్తూ చక్రాల కుర్చీని నా బల్ల ముందు ఆపించాడు.

"నా గుండె ఆగిందని మైకులో చెప్పింది నువ్వేనా అమ్మా?"

"నేనేనండి బాబాయిగారూ" అన్నాను, తిట్టు పడుతుందని మెడ ముడుచుకుని.

"అది విని మా ఊరోడెవడో అప్పుడే బస్సెక్కి పోయి ఊరంతా చెప్పేశాడంట. సగం మంది ఏడ్చేశారంట కూడాను. మళ్ళీ కొట్టుకుంటందని కూడా చెప్పమ్మా. సగం కబురు ఇవ్వకూడదు."

చెప్పాను. "రెండో అంతస్తు పన్నెండో గది పెద్దాయన గుండె బాగా కొట్టుకుంటోంది. ఇంటికి వెళ్తున్నారు." వార్డుల్లోంచి చప్పట్లు వినిపించాయి. ఆ మైకులో నేను చెప్పినవాటిల్లో నాకిప్పటికీ గుర్తున్నదీ, గర్వంగా ఉన్నదీ ఆ ఒక్కటే.

ఇప్పుడు బీపీ చూపించుకోడానికి పెద్ద ఆసుపత్రులకి నేనే పేషెంటుగా వెళ్తున్నాను. అక్కడి మైకులో ఏ అమ్మాయో చక్కటి ఇంగ్లీషులో ఏదో రంగు పేరు చెప్తే, నా ఒళ్ళు నా మాట వినకుండా లేచి నిలబడుతుంది. "కూర్చోవే, అది నీ డ్యూటీ కాదు" అంటారు మా ఆయన. కూర్చుంటాను, ఎవరో ఒకరు బండి తోసుకుంటూ పరిగెత్తడం కళ్ళారా చూశాక.