మా వీధి బియ్యం తక్కువైన ఏడు

మా చర్చి సంఘంలో ఇప్పటికీ ఒక కథ చెబుతారు. పంటల పండుగ దగ్గరపడితే చాలు, ప్రసంగంలో ఎక్కడో ఒకచోట అది వచ్చి తీరుతుంది. రేవులో పనిచేసే ఒక కళాసీ జబ్బుపడి ఎనిమిది నెలలు మంచంలో ఉన్నాడట. ఇంట్లో పొయ్యి వెలగని రోజులట. అయినా ఆ ఇల్లాలు దేవుని కోసం తీసే పిడికెడు బియ్యం ఒక్క వారమూ ఆపలేదట. ఆ విశ్వాసం చూసి దేవుడు ఆమె డబ్బా ఖాళీ కానివ్వలేదట. కథ ఇక్కడికి వచ్చేసరికి ముందు బెంచీల్లో ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు.

ఆ ఇల్లాలు మా అమ్మ. ఆ కళాసీ మా నాన్న. ఆ డబ్బా డాల్డా డబ్బా, మూత సొట్టపోయి ఒక పక్కే పట్టేది. నాన్న జబ్బూ, అది ఖాళీ కాకపోవడమూ నిజం, తక్కినది అబద్ధం. అబద్ధమంటే "దేవుడు చేసిన మేలు కాదంటావా" అని నా మీదికి వస్తారు. దేవుడి సంగతి నాకు వదిలెయ్యండి, ఆయనకీ నాకూ తగువు లేదు. నా తగువు కథ చెప్పేవాళ్ళతో. దేవుడు చేశాడని చెప్పి, చేసిన మనిషిని కథలోంచి బయటికి గెంటేసినవాళ్ళతో.

పిడికెడు బియ్యం అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఉంటారు. పూటపూటా వంటకి బియ్యం కొలిచి, ఎసట్లో పోసేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఈ పూటకి తిండి ఉంది, అందుకు కృతజ్ఞత. అంతకంటే పెద్ద వేదాంతం ఏమీ లేదు. శనివారం సాయంత్రం వీధికొకరు సంచీ పట్టుకుని ఇంటింటికీ వచ్చి ఆ డబ్బాలు ఒంపుకుని, ఆదివారం చర్చికి చేరుస్తారు. అందులో కొంత పాస్టరు అయ్యగారి ఇంటికి, కొంత సంఘంలో లేనివాళ్ళకి. అవును, లేనివాళ్ళకే. అది కమిటీ రాసుకున్న నియమమే, నేను కల్పించింది కాదు.

మా వీధికి సంచీ మోసేది మా అత్త. వరసకి అత్త అంతే, రక్తసంబంధం లేదు. మొగుడు పోయిన మనిషి, పిల్లలు లేరు, ఒక నర్సింగ్ హోములో ఆయా పని. ఆమెకి అడ్డచుట్ట అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం మా ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళకి వింత కాదు గాని, పట్నం చర్చిలో అది పాపాల జాబితాలో మొదటి వరసలో ఉండేది. పెద్దలు ఎన్ని మార్లు చెప్పినా ఆమె మానలేదు. గేటు దాకా కాల్చుకుంటూ వచ్చి, గోడకి నొక్కి ఆర్పి, మిగిలిన ముక్క రొంటిన దోపుకుని లోపలికి వచ్చి పాట అందుకునేది. గొంతు మాత్రం ఎవరికీ లేని గొంతు. అలాంటి మనిషి సంఘాలకి సంచీలు మోయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

డెబ్బైల నడుమ ఒక వానాకాలం నాన్నకి దగ్గు పట్టుకుంది. టీబీ అన్నారు. నేను తొమ్మిదో తరగతి. నాన్నది మేస్త్రీ కింద రోజుకూలి, మంచం ఎక్కితే కూలి లేదు. సర్కారు ఆసుపత్రిలో మందులు ఊరికే ఇచ్చేవారు, తిండి ఎవరిస్తారు? అమ్మ చేపల రేవు పక్కన రొయ్యల షెడ్డుకి వెళ్ళేది. ఐసు నీళ్ళలో నాని నాని వేళ్ళు పగిలిపోయేవి. రొయ్య వచ్చిన రోజు కూలి, రాని రోజు పోనూ రానూ నడక.

సంఘాన్ని అడగవలసింది కదా అంటారు. అడగవచ్చు. కమిటీ ముందు నిలబడి మాకు లేదు అని చెప్పాలి. ఆపైన ఆదివారం ఆరాధనలో, పెళ్ళి ప్రకటనలకీ యవ్వనస్థుల కూడికకీ మధ్య, సహాయం పొందిన కుటుంబాల పేర్లు చదువుతారు. పేరు వినబడగానే లేచి దేవునికి వందనాలు చెప్పాలి. బియ్యం ఇచ్చేది చీకట్లో అయితే కృతజ్ఞత తెలియదనుకున్నారో ఏమో. అమ్మ అడగలేదు. పస్తులైనా ఉంటాను గాని అక్కడ నిలబడనంది.

ఒక శనివారం డబ్బాలో ఉన్నవి మూడు పిడికిళ్ళ నూకలు. అమ్మ వాటిని పైకి కనబడేలా ఎగదోసింది, డబ్బా ఎగదోస్తే నిండుతుందా. అత్త డబ్బా చేతిలోకి తీసుకుంది. మూత తియ్యలేదు. బరువు చూసి, మంచం వైపు చూసి, ఆ వీధి మొత్తం బియ్యం ఉన్న సంచీ మూతి విప్పి మా డబ్బాలోకి వంచింది. నిండాక చాటలోకి వంచింది.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అదేటొదినా, అది దేవుడి బియ్యం."

"దేవుడు పొయ్యెలిగించుకుంటాడేటి? నువ్వొండు," అంది అత్త. గుమ్మం దాటుతూ నా వైపు తిరిగింది. "ఓలె గుంటా, నోరు మూసుకోడం వచ్చా నీకు? రాకపోతే నేర్సుకో."

ఆ పై శనివారమూ అంతే, ఆ పైదీ అంతే. న్యాయంగా చూస్తే ఆమె చేసింది తప్పా? లేనివాళ్ళ బియ్యం లేనివాళ్ళ ఇంటికే చేరింది. నడుమ కమిటీని, ప్రకటనను, లేచి నిలబడడాన్ని తీసేసింది అంతే. కమిటీ వారాలు పట్టే పని గుమ్మంలో నిలబడి చేసేసింది.

ఆదివారాలు సాక్ష్యాల వేళ అమ్మ లేచేది. "ఈ వారమంతా నా పిల్లకి, నా పెనిమిటికి ఆహారం ఇచ్చిన దేవునికి స్తోత్రం" అని కూర్చునేది. రెండు బెంచీల ముందు నుంచి అందరికంటే గట్టిగా ఆమేన్ అనేది అత్త. నాకు నవ్వు ఆగేది కాదు.

సంఘం మాకు ఏమీ చెయ్యలేదని నేను అనడం లేదు, అలా అన్నానని నా మీద వేస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను. టీబీ అని తెలిశాక ఇంటి చుట్టం గుమ్మంలోంచే పలకరించి పోతే, చర్చి ఆడవాళ్ళు బుధవారాలు మా ఇంట్లో నాన్న మంచం చుట్టూ చాప మీద కూర్చుని ప్రార్థన చేశారు. ఒకావిడ మా కుళాయి నీళ్ళు తన బిందెలతో పాటు మోసేది. సండే స్కూలు మాస్టారు నాచేత ఆరాధనలో వాక్యం చదివించి, ముత్యాల్లా పలకాలి, చివరి బెంచీకి వినబడాలి అని నా గొంతు సాన పెట్టాడు. ఈ రోజు నేను ఎవరికీ జంకకుండా మాట్లాడతానంటే అది ఆ సంఘం పెట్టిన భిక్ష. కోపం రావడానికి అదీ ఒక కారణం. పరాయివాళ్ళ మీద ఇంత కోపం ఎవరికొస్తుంది?

పంటల పండుగ వచ్చింది. రేవు ఊళ్ళో పంటలేమిటంటారా, ఎవరికున్నది వాళ్ళు తెచ్చేవారు. పెంకుల మీద పాకిన ఆనపకాయ, గుడ్లు, కోడి, ఎండు నెత్తళ్ళు. ఆ రోజు మాత్రం పిడికెడు బియ్యం అందరి ఎదుట పోసేవారు. ప్రసంగ పీఠం ముందు తెల్ల దుప్పటి పరిచి, ఏ వీధిది ఆ వీధి కుప్ప. చుట్టుపక్కల కుప్పలు మోకాలెత్తున ఉంటే మా వీధిది చేటెడు లేదు.

సంఘపెద్ద లేచాడు. ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కు, చర్చిలో కూడా ఫైలు చూసినట్టే చూసేవాడు మనుషుల్ని.

"ఏం సహోదరీ, మీ వీధిలో ఈ ఏడు ఎవరూ అన్నం వండుకోలేదా?"

"ఒండుకున్నారు బాబూ," అంది అత్త.

"మరి బియ్యం ఏవి?"

"నాను తెచ్చిందదే."

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో అన్నారు, "చుట్టలు పిరమైపోనాయి గావాల." చర్చి అంతా నవ్వింది. అయ్యగారు కూడా రుమాలు అడ్డం పెట్టుకున్నారు. సంఘపెద్ద నవ్వలేదు. దేవుని సొమ్ము ఏమైందో సంఘానికి జవాబు చెప్పమన్నాడు. చెప్పలేకపోతే సంచీ అప్పగించమన్నాడు.

ఒక్క మాట చాలు. ఆ ఇంటికిచ్చాను అని మా వైపు వేలు చూపిస్తే చాలు. అత్త వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు. సంచీ దులిపి, నాలుగు మడతలు పెట్టి, ముందు బెంచీ మీద పెట్టింది. బయటికి పోతుందనుకున్నాను. పోలేదు. వచ్చి తన చోటులో కూర్చుని, తరవాతి పాట మొదటి చరణం నుంచీ పాడింది.

అప్పుడు నేను లేవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పగిలిన వేళ్ళలో అంత బలం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. పాట అయ్యేదాకా వదల్లేదు. నేను లేవబోతే అమ్మ ఆపింది. పదేళ్ళకు పైగా నాకు నేను ఇదే చెప్పుకున్నాను.

సంచీ పెద్దగారి కోడలి చేతికి పోయింది. తరవాతి శనివారం అత్త మామూలు వేళకే వచ్చింది. కొంగు మూట విప్పి చాటలో బియ్యం పోసింది. "ఇది నా కోటా. దీనికి జవాబు సెప్పమనీవోడు ఇంకా పుట్నేదు," అంది. అమ్మ తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది అని మీరంటారు. నేనూ తిన్నాను. ఆ అన్నం గొంతు దిగింది, అదీ నా కోపం.

ఎండాకాలానికి నాన్న లేచి పనికి వెళ్ళాడు. మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. అయ్యగారు, పెద్దలు, వీధంతా వచ్చారు. అత్త గుమ్మం పక్కన కూర్చుంది. అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. "ఎనిమిది నెలల్లో నా డబ్బా ఒక్క వారం కూడా ఖాళీ అవ్వనేదు. దేవునికి స్తోత్రం." అంతే చెప్పి కూర్చుంది. అత్త ఆమేన్ అంది. ఇప్పుడు ప్రసంగాల్లో తిరుగుతున్న కథ పుట్టింది అక్కడే, మా అమ్మ నోట్లోనే. మర్నాడు అమ్మ చేపల పులుసు గిన్నెడు నాకిచ్చి అత్త ఇంటికి పంపింది. అత్త రుచి చూసి చింతపండు ఎక్కువైందంది. దేవుడికి అందరి ఎదుటా నిలబడి స్తోత్రం, మనిషికి సందు గుమ్మంలో గిన్నెడు పులుసు. ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

ఎనభైల మొదట్లో అత్త పోయింది. అప్పటికి నేను డిగ్రీ చదివి, వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచి, బడిలో పాఠాలు చెబుతున్నాను. సమాధుల తోటలో సంఘపెద్ద రెండు మాటలు మాట్లాడాడు. సహోదరిలో కొన్ని బలహీనతలు ఉండేవి, సంఘం వాటిని క్షమించింది, దేవుడూ క్షమిస్తాడు అన్నాడు. చేటెడు బియ్యం సంగతి తెలిసినవాళ్ళందరూ తలలూపారు. పెట్టె దిగింది. మట్టి వేసి అందరం బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాం.

చాలా రోజుల తరవాత, స్టీలు ప్లాంటులో మా ఆయన ఉద్యోగం వల్ల కూర్మన్నపాలెంలో ఉంటున్న కాలంలో, అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. ఆ వారమే చర్చిలో మళ్ళీ ఆ కథ విని వచ్చి ఉన్నాను. ఒళ్ళు మండి ఉన్నాను. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తోంది. అన్నీ అడిగేశాను. ఆ రోజు ఎందుకు లేవలేదు, కూడికలో ఆమె పేరు ఎందుకు చెప్పలేదు, నన్ను ఎందుకు ఆపావు, నీ పరువు కోసం ఒక మనిషిని దొంగను చేశావు కదా అన్నాను. అంతకంటే మొరటుగానే అన్నాను.

అమ్మ తల ఎత్తలేదు. "సిగ్గేసింది," అంది. "పేరు సదివితే సచ్చిపోతాననిపించింది. తప్పు నాదే. నీ సెయ్యి నానే అట్టుకున్నాను."

ఇంకేమీ అనదనుకున్నాను. కోసిన ముక్కలు గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని, నా ముఖంలోకి చూసింది. నేను అడిగినవాటికి అమ్మ జవాబు చెప్పింది. ఆపైన తనూ ఒకటి అడిగింది.

"మరి సమాదుల కాడ నీ సెయ్యి ఎవులట్టుకున్నారే?"